గాలి దారులు – 9వ భాగం: లక్ష మంది కోసం ఒక టీవీ కేంద్రం

కిందటి భాగం గెర్న్‌సీ దీవిలో, 1944 ఫిబ్రవరిలో చార్లెస్ మేచన్‌ను జర్మన్లు అరెస్టు చేసిన దగ్గర ఆగింది. గెర్న్‌సీ సహా ఛానల్ దీవులను ఆక్రమించిన జర్మన్ సైన్యం 1942 జూన్‌లో అక్కడి రేడియోలన్నిటినీ పట్టుకుపోయింది. అప్పుడు మేచన్, ఆయన మిత్రులు నలుగురు కలిసి బీబీసీ వార్తలను దొంగచాటుగా వినేవారు. వాటిని టమాటా పెట్టెల్లో పరిచే పల్చటి కాగితం మీద టైపు చేసి, చేతులు మారుస్తూ దీవంతా పంచేవారు. ఆ ఐదుగురినీ పట్టుకుని జర్మనీ జైళ్ళకు పంపారు. మేచన్ ఆ ఏడాది అక్టోబరులోనే హామెలిన్ జైల్లో చనిపోయాడు. జోసెఫ్ గిల్లింగ్‌హామ్ తిరిగి రాలేదు. ఫ్రాంక్ ఫల్లా అనే పాత్రికేయుడు ప్రాణాలతో బయటపడి ఇల్లు చేరాడు.

పక్కనున్న జెర్సీలో క్లిఫర్డ్ కోహూ అనే ముసలి మతగురువు ఉండేవాడు. ఆస్పత్రిలో రోగులకు బీబీసీ వార్తలు చెప్పడం ఆయన చేసిన నేరం. ఆయన కూడా 1944లో జర్మనీలోని జోషెన్ శిబిరంలో కన్నుమూశాడు.

ఇక్కడి నుంచి మొదలుపెట్టడానికి కారణం ఉంది. ఈ భాగంలో చెప్పబోయేది ఒక చిన్న టీవీ కంపెనీ కథ. లెక్కల పుస్తకం ఒక్కటే చూస్తే ఆ కంపెనీ పుట్టి ఉండకూడదు, పుట్టినా పదేళ్ళు బతికి ఉండకూడదు. అది 49 ఏళ్ళు పెద్ద టీవీ కంపెనీల చేతికి చిక్కకుండా నిలబడింది. రేడియో వినడానికి ప్రాణం పణంగా పెట్టిన మనుషులూ వాళ్ళ పిల్లలూ దాని ప్రేక్షకులు. ఇళ్ళలో గాజు సీసాల వెనకా గోడ పగుళ్ళలో క్రిస్టల్ రేడియో దాచుకుని, వీధి టెలిఫోన్ నుంచి కోసుకొచ్చిన చెవిగొట్టంతో వార్తలు విన్న తరం అది. వాళ్ళను పక్కన పెట్టి ఈ కథ చెప్పడం కుదరదు.

యుద్ధం ముగిసిన రోజు సంగతి కూడా ఒకటి చెప్పాలి. 1945 మే 8న మధ్యాహ్నం చర్చిల్ ప్రసంగం ఉంది. జెర్సీ రాజధాని సెయింట్ హెలియర్‌లో రాయల్ స్క్వేర్ అనే చౌకులో లౌడ్‌స్పీకర్లు కట్టారు. జనం కిక్కిరిసిపోయారు. ప్రసంగం మధ్యలో ఆయన ఛానల్ దీవుల పేరెత్తి, మనవాళ్ళు ఇవాళే విముక్తులవుతున్నారన్నాడు. అయిదేళ్ళ తర్వాత తమ పేరు బయటి ప్రపంచం నోట బహిరంగంగా వినబడింది. మర్నాడు మే 9న బ్రిటిష్ సైనికులు దిగారు. ఇప్పటికీ అక్కడ అదే విమోచన దినం.

ఈ దీవులు ఎక్కడున్నాయో కొత్త పాఠకుల కోసం రెండు మాటలు. జెర్సీ, గెర్న్‌సీ, ఆల్డర్నీ, సార్క్, హెర్మ్ ఇంగ్లీష్ ఛానల్‌లో ఫ్రాన్స్ ఒడ్డును ఆనుకున్నట్టే ఉంటాయి. జెర్సీ నుంచి నార్మండీ తీరం 22 కిలోమీటర్లు. ఇంగ్లండ్ తీరం వంద కిలోమీటర్లకు పైనే. 1204లో ఇంగ్లండ్ రాజు నార్మండీని పోగొట్టుకున్నా ఈ దీవులు మాత్రం ఆయన పక్షానే ఉండిపోయాయి. అప్పటి నుంచి ఇవి బ్రిటిష్ రాజ్యాధిపతికి చెందినవే తప్ప యునైటెడ్ కింగ్‌డమ్‌లో భాగం కావు. పన్నులు వాళ్ళవి, చట్టసభలు వాళ్ళవి. జెర్సీలో నిన్నమొన్నటి దాకా భూమి దస్తావేజులు ఫ్రెంచిలోనే రాసేవారు. అన్నిటిలోకీ పెద్దదైన జెర్సీ విస్తీర్ణం 118 చదరపు కిలోమీటర్లు, మన దగ్గర ఒక చిన్న మండలమంత. 1960ల మొదట్లో దీవులన్నీ కలిపినా జనాభా సుమారు లక్ష.

బీబీసీ టెలివిజన్ 1955లో అక్కడికి చేరింది. జెర్సీ ఉత్తరాన లే ప్లాటాన్ అనే ఎత్తయిన చోట ట్రాన్స్‌మిటర్ పెట్టారు. అదే ఏడాది సెప్టెంబరు 22న లండన్‌లో ఐటీవీ మొదలైంది. ప్రకటనల ఆదాయంతో నడిచే తొలి బ్రిటిష్ టీవీ అది. బీబీసీకి లైసెన్సు రుసుము ఉంది, దీనికి అది లేదు. ఐటీవీ అంటే ఒక కంపెనీ కాదు. దేశాన్ని ప్రాంతాలుగా కోసి, ప్రాంతానికో కంపెనీకి కాంట్రాక్టు ఇచ్చారు. పైన పర్యవేక్షణకు ఇండిపెండెంట్ టెలివిజన్ అథారిటీ ఉంది. ట్రాన్స్‌మిటర్లు ఆ అథారిటీవి, కార్యక్రమాలూ ప్రకటనల అమ్మకాలూ కంపెనీలవి. లండన్, మిడ్‌లాండ్స్, ఉత్తర ఇంగ్లండ్ లాంటి ప్రాంతాల కాంట్రాక్టు చేతికొస్తే డబ్బు సంచులతో రావడమే.

లక్ష మంది ఉన్న దీవుల్లో అంత డబ్బు ఎక్కడిది? లండన్ నుంచి చూస్తే సులువైన మార్గం ఒకటి కనబడుతుంది. ప్లిమత్ నుంచి నైరుతి ఇంగ్లండ్‌కు ప్రసారాలు చేసే వెస్ట్‌వర్డ్ టెలివిజన్ 1961 ఏప్రిల్ 29న మొదలైంది, ఆ సిగ్నల్‌నే సముద్రం దాటించి దీవుల్లో తిరిగి ప్రసారం చేస్తే సరిపోతుంది. కానీ అలా చేయలేదు. దీవులు దేశంలో భాగం కావు కాబట్టి టెలివిజన్ చట్టాన్ని అక్కడికి విడిగా వర్తింపజేయాలి. 1961లో రాజాజ్ఞ ద్వారా ఆ పని జరిగింది. అథారిటీ కాంట్రాక్టును స్థానికుల కంపెనీకే ఇచ్చింది. దాని పేరు ఛానల్ టెలివిజన్. దీవుల్లోనే ఉండే వ్యాపారులూ రాజకీయ నాయకులూ కలిసి పెట్టుకున్న సంస్థ అది. జెర్సీ సెనేటర్ జార్జ్ ట్రాయ్ అధ్యక్షుడు, కెన్ కిలిప్ మేనేజింగ్ డైరెక్టర్.

నా దృష్టిలో ఈ మొత్తం కథలో అన్నిటికన్నా గొప్ప నిర్ణయం అదే. ట్రాన్స్‌మిటర్ అద్దె దగ్గరా, నెట్‌వర్క్ కార్యక్రమాల ధర దగ్గరా పెద్ద కంపెనీలతో సమానంగా వసూలు చేస్తే ఈ కంపెనీ మొదటి ఏడే మూతబడేది. ఎవరి తాహతుకు తగ్గట్టు వాళ్ళు కట్టే ఏర్పాటు ఉండబట్టే దీవులకు సొంత కేంద్రం దక్కింది. పెద్దవాళ్ళ లాభంలోంచి చిన్నవాళ్ళకు కొంత దారి వదలడం అప్పటి బ్రిటిష్ ప్రసార విధానంలో ఒక నియమంగా ఉండేది. తర్వాత ఆ నియమం ఎలా కరిగిపోయిందో ముందుకు వెళ్ళాక చూద్దాం.

1962 సెప్టెంబరు 1, శనివారం, ఛానల్ టెలివిజన్ తెర మీదికి వచ్చింది. జెర్సీ ఉత్తర తీరంలో ఫ్రెమాంట్ పాయింట్ అనే కొండ కొమ్ము మీద ట్రాన్స్‌మిటర్, సెయింట్ హెలియర్‌లో రూజ్ బుయోన్ వీధిలో స్టూడియో. మన సంగతి ఒకసారి గుర్తు చేసుకుంటే ఈ విషయం బరువు తెలుస్తుంది. అప్పటికి మొత్తం భారతదేశంలో ఢిల్లీకి మాత్రమే టీవీ ఉంది, అదీ 1959లో ప్రయోగాత్మకంగా మొదలైనది. హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం తలుపు తెరవడానికి 1977 అక్టోబరు 23 దాకా ఆగాల్సి వచ్చింది. కోట్ల మంది తెలుగువాళ్ళు సొంత భాషలో తమ ఊరి వార్త తెర మీద చూడటానికి పదిహేనేళ్ళ ముందే, మన దగ్గర ఒక పట్టణమంత జనాభాకు ఒక పూర్తి స్థాయి టీవీ కంపెనీ.

ఇక ఆ తెర మీద ఏముండేదో చూద్దాం.

రాత్రి నాటకాలూ సీరియళ్ళూ సరదా కార్యక్రమాలూ అన్నీ నెట్‌వర్క్‌వే. డెవాన్‌లో స్టాక్‌లాండ్ హిల్ అనే చోట ఉన్న వెస్ట్‌వర్డ్ ట్రాన్స్‌మిటర్ సిగ్నల్‌ను సముద్రం మీదుగా పట్టుకుని ఛానల్ వాళ్ళు తిరిగి ప్రసారం చేసేవారు. ప్రత్యేకమైన తీగ లేదు, ఉపగ్రహం లేదు, మామూలు ఇంటి యాంటెనా పట్టుకునే తరంగాలనే పెద్ద యాంటెనాతో పట్టుకోవడం. ఆ ఏర్పాటులో ఒక చిక్కు ఉంది. వెస్ట్‌వర్డ్ నుంచి వచ్చే సిగ్నల్‌లో ప్రకటనల విరామం కూడా వస్తుంది, ఆ ప్రకటనలు ప్లిమత్, ఎక్సెటర్ దుకాణాలవి. వాటికి డబ్బు కట్టింది అక్కడి వ్యాపారులు, చూపించాల్సింది జెర్సీ బేకరీ, గెర్న్‌సీ ఫర్నిచర్ కొట్టు. కనుక విరామం మొదలయ్యే క్షణానికి సెయింట్ హెలియర్‌లో మీట దగ్గర కూర్చున్న మనిషి బయటి సిగ్నల్‌ను ఆపి, తమ ప్రకటనను ఎక్కించాలి. విరామం ముగిసే క్షణానికి మళ్ళీ వెనక్కి మారాలి. కాస్త ముందైతే నాటకంలో చివరి మాట తెగిపోతుంది, కాస్త ఆలస్యమైతే దీవివాళ్ళు ఎప్పుడూ వెళ్ళని ఊరి దుకాణం తెర మీద తళుక్కుమంటుంది. సాయంత్రమంతా, ప్రతి విరామానికీ ఇదే పని. ప్రతి రాత్రీ ప్రేక్షకుడికి తెలియకుండా జరిగిపోయే ఈ కసరత్తు మీదే కంపెనీ జీతాలన్నీ ఆధారపడి ఉండేవి.

మరి విరామం నింపడానికి చాలినన్ని ప్రకటనలు లేకపోతే? లక్ష మంది ఉన్న చోట అది తరచుగా జరిగేదే. లండన్‌లో రెండు నిమిషాల విరామమంటే బంగారం, జెర్సీలో సగం ఖాళీ. ఆ ఖాళీలోంచే ఈ కేంద్రం పేరు చెప్పగానే దీవివాళ్ళకు ముందుగా గుర్తొచ్చే పాత్ర పుట్టింది.

ఆల్డర్నీ పక్కనే బర్హూ అనే చిన్న రాతి దీవి ఉంది. మనుషులు కాపురముండరు. ఏటా వసంతంలో పఫిన్ పక్షులు వచ్చి అక్కడి నేలలో బొరియలు చేసుకుని పిల్లల్ని పెంచుతాయి. నల్లటి వీపు, తెల్లటి పొట్ట, రంగులు పులిమినట్టుండే బొద్దు ముక్కు. ఆ పక్షినే బొమ్మగా చేసి, ఆస్కర్ అని పేరు పెట్టి, 1963 నుంచి అనౌన్సర్ పక్కన కూర్చోబెట్టారు. ఆస్కర్ పఫిన్ చేసే పని ఒక్కటే, పిల్లల పుట్టినరోజులకు శుభాకాంక్షలు చెప్పడం. అమ్మానాన్నలో అవ్వాతాతలో కార్డు పంపితే, పుట్టినరోజు నాడు అనౌన్సర్ ఆ కార్డును కెమెరాకు చూపించి పేరు, వయసు చదివేవారు. పక్కన ఆస్కర్ తలాడించేవాడు. వెస్ట్‌వర్డ్ కేంద్రానికీ గస్ హనీబన్ అనే కుందేలు బొమ్మ ఇలాంటిదే ఉండేది, నైరుతి ఇంగ్లండ్‌లో దానికీ గొప్ప పేరు. కానీ అక్కడ లక్షల మంది పిల్లలు, ఎవరి పేరు వస్తుందో చెప్పలేరు. దీవుల్లో లెక్క వేరు. కార్డు పంపితే పేరు వచ్చి తీరుతుంది. మర్నాడు బడిలో పిల్లలంతా ఆ పేరు విన్నవాళ్ళే. ఒక తరం పిల్లలంతా ఏదో ఒక ఏడాది తమ పేరు టీవీలో విని పెరిగారు. రాయల్ స్క్వేర్‌లో తమ దీవుల పేరు విని కళ్ళు తుడుచుకున్న వాళ్ళ మనవలు వాళ్ళు. తర్వాతి కాలంలో ఆస్కర్‌కు 'పఫిన్స్ ప్లేస్' అని సొంత పిల్లల కార్యక్రమమే ఇచ్చారు.

సొంత కార్యక్రమాల్లో వెన్నెముక వార్తలే. పొగమంచుతో జెర్సీ విమానాశ్రయం మూతబడిందా, పడవ వస్తుందా రాదా, చట్టసభలో ఇవాళ దేని మీద వాదన, గెర్న్‌సీ గాజుపందిళ్ళలో టమాటాకు ఈ ఏడు ధర ఎలా ఉంది: లండన్ బులెటిన్‌లో ఒక్క వాక్యానికి కూడా నోచుకోని సంగతులు ఇక్కడ పతాక శీర్షికలు. సాయంత్రం వచ్చే 'ఛానల్ రిపోర్ట్' అంటే దీవి మొత్తం ఒక చోట కూడినట్టే. జెర్సీకీ గెర్న్‌సీకీ మధ్య తరాల నాటి పోటీ ఉంది. కేంద్రం జెర్సీలో ఉండటం గెర్న్‌సీవాళ్ళకు మొదటి నుంచీ కొంత కష్టంగానే ఉండేది. అందుకే అక్కడా ఒక చిన్న స్టూడియో నడపక తప్పలేదు. ఆ పోటీని చూసి నవ్వుకునేవాళ్ళున్నారు. రెండు దీవుల చట్టసభలూ వేర్వేరు, చట్టాలూ వేర్వేరు. పక్కవాళ్ళ సభలో ఏం జరుగుతోందో ప్రతి సాయంత్రం రెండు వైపులవాళ్ళూ చూడగలగడం అంతకు ముందు ఏ పత్రికా చేయలేని పని.

ఫ్రెంచిలోనూ కార్యక్రమాలుండేవి. 'ఆక్చువాలితే' పేరుతో వార్తలు, 'కొమాంతేర్' పేరుతో వ్యాఖ్యానం. ఎదురుగా ఫ్రాన్స్ ఒడ్డు కంటికి కనబడుతుంటే ఫ్రెంచి టీవీయే చూడొచ్చు కదా అనిపిస్తుంది. ఆనాటి సెట్లలో అది సాగదు. అప్పటి ఫ్రెంచి టీవీ చిత్రం 819 గీతలతో వచ్చేది, బ్రిటిష్ సెట్ 405 గీతల చిత్రాన్నే చూపించగలదు. ఫ్రాన్స్ పక్కనే ఉండి, ఇంట్లో నార్మన్ యాసలో మాట్లాడుకునే పల్లెటూరి ముసలివాళ్ళకు ఫ్రెంచి మాట వినిపించాలంటే దీవి కేంద్రమే వినిపించాలి.

కార్యక్రమాల వివరాలు అచ్చువేసే వారపత్రిక కూడా కంపెనీదే, ముందు 'ఛానల్ వ్యూయర్', తర్వాత 'సీటీవీ టైమ్స్'. 1968లో బ్రిటన్ అంతటా ఐటీవీ ప్రాంతాల సొంత పత్రికలు పోయి ఒక్క 'టీవీ టైమ్స్' మిగిలినప్పుడు, ఛానల్ దీవులకు మాత్రం మినహాయింపు ఇచ్చారు. ఆ పత్రిక అమ్మకం డబ్బు లేకపోతే టీవీ కంపెనీయే మూతపడే ప్రమాదం ఉందని కంపెనీ భయపడింది. టీవీ పత్రికను పోషిస్తుందని మనం అనుకుంటాం. ఇక్కడ పత్రికే టీవీకి అన్నం పెట్టింది.

ఇప్పుడు రంగుల సంగతి. లండన్, మిడ్‌లాండ్స్, ఉత్తర ఇంగ్లండ్‌లలో ఐటీవీకి రంగులు 1969 నవంబరులోనే వచ్చాయి. ఛానల్ దీవులకు 1976 జూలై దాకా రాలేదు, ఐటీవీ ప్రాంతాలన్నిటిలోకీ ఆఖరు. డబ్బు లేక మాత్రమే కాదు, సముద్రం వల్ల. రంగుల ప్రసారానికి యూహెచ్‌ఎఫ్ తరంగాలు కావాలి. స్టాక్‌లాండ్ హిల్ నుంచి ఆల్డర్నీ దాకా 130 కిలోమీటర్లు దాటిన దూరం, దాదాపు అంతా నీళ్ళ మీదే. పోటూ పాటూ మారినప్పుడల్లా నీటి మీద పడి లేచే తరంగాల తీరు మారుతుంది, చిత్రం బలం పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. దానికన్నా పెద్ద తలనొప్పి ఎండాకాలంలో గాలి కదలక నిలిచిపోయినప్పుడు. మామూలుగా అందని దూరాల నుంచి వేరే బ్రిటిష్ ట్రాన్స్‌మిటర్లూ, ఫ్రాన్స్‌వీ, ఇంకా అవతలివీ అదే పౌనఃపున్యంలో వచ్చి మీద పడతాయి. యాంటెనాను ఎంత పెద్దది చేసినా లాభం లేదు, కావలసిన సిగ్నల్‌తో పాటు అక్కర్లేనిదీ పెద్దదవుతుంది.

అథారిటీ ఇంజినీర్లు దీనికి కనిపెట్టిన ఉపాయం ఆనాటికి అపురూపం. అనేక యాంటెనాలను వరసగా నిలబెట్టి, ఒక్కొక్కదాని నుంచి వచ్చే సిగ్నల్‌ను ఎంత మోతాదులో, ఎంత తేడాతో కలపాలో ఎలక్ట్రానిక్ పరికరం ఎప్పటికప్పుడు లెక్కకట్టేటట్టు చేశారు. ఏ దిక్కు నుంచి అల్లరి తరంగం వస్తోందో కనిపెట్టి, ఆ దిక్కుకు యాంటెనా చెవిటిదైపోతుంది. స్టాక్‌లాండ్ హిల్ దిక్కు మాత్రం వింటూనే ఉంటుంది. అల్లరి దిక్కు మారితే చెవుడూ దిక్కు మార్చుకుంటుంది. ఇనుప చట్రం ఒక్క అంగుళం కదలదు. ఈ పరికరానికి సేబర్ అని పేరు పెట్టి ఆల్డర్నీలో నిలబెట్టారు. ఇవాళ మన జేబుల్లో ఉన్న ఫోన్లకు టవర్లు సిగ్నల్‌ను గురిచూసి పంపడం వెనక ఉన్నది ఇలాంటి లెక్కే. రెండు వేల మంది కూడా లేని దీవి మీద, లక్ష మంది కోసం, ఒక ప్రభుత్వ సంస్థ ఇంత పరిశోధన చేయించింది. దాన్ని దుబారా అనే వాళ్ళతో నేను ఒప్పుకోలేను.

రంగులు వచ్చిన మూడేళ్ళకు అసలు పరీక్ష వచ్చింది.

1979 వేసవిలో జీతాల పెంపు మీద ఐటీవీ కంపెనీలకూ సాంకేతిక సిబ్బంది సంఘానికీ గొడవ ముదిరింది. ఆగస్టు 10న నెట్‌వర్క్ మొత్తం ఆగిపోయింది. లండన్ నుంచి స్కాట్లండ్ దాకా ఐటీవీ మీట నొక్కితే క్షమాపణ చెప్పే నీలం కార్డు ఒక్కటే. వారాలు గడిచాయి. ఆగస్టు 27న ఐర్లండ్‌లో మౌంట్‌బాటన్‌ను బాంబు పెట్టి చంపారు. మన ఆఖరి వైస్రాయ్ మరణవార్తను కూడా ఐటీవీ చెప్పలేకపోయింది. అక్టోబరు 24 దాకా, సుమారు పదకొండు వారాలు, బ్రిటన్‌లో వాణిజ్య టెలివిజన్ లేదు.

ఒక్క చోట తప్ప. ఛానల్ టెలివిజన్ ఆగలేదు.

సిబ్బందికి సంఘం మీద గౌరవం లేక కాదు. వాళ్ళూ ఆ సంఘం సభ్యులే. నెల రోజులు ప్రకటనలు ఆగిపోతే తమ కంపెనీ మళ్ళీ లేవదని వాళ్ళకు తెలుసు. పెద్ద కంపెనీలు నష్టం భరించి, సమ్మె ముగిశాక రెట్టింపు అమ్ముకోగలవు. దీవిలో ఆ స్తోమత లేదు. కంపెనీ పోతే ఉద్యోగాలు పోతాయి, దానితో పాటు దీవులకున్న ఏకైక సొంత ప్రసార గొంతూ పోతుంది. అందుకే పని చేస్తూనే ఉండటానికి నిశ్చయించుకున్నారు.

నిశ్చయించుకోవడం ఒక ఎత్తు, సాయంత్రాన్ని నింపడం ఒక ఎత్తు. వెస్ట్‌వర్డ్ సమ్మెలో ఉంది కాబట్టి సముద్రం అవతల నుంచి చిత్రం రాదు. లండన్ నుంచి వచ్చే జాతీయ వార్తలూ లేవు. రోజుకు నిమిషాల లెక్కన సొంత కార్యక్రమాలు చేసే కేంద్రం ఇప్పుడు గంటల లెక్కన చేయాలి. తాము తీసిన కార్యక్రమాలతో, సినిమాలతో, కొని తెచ్చుకున్న చిత్రాలతో రోజులు నెట్టుకొచ్చారు. మొత్తం ఐటీవీలో అందరికన్నా చిన్న కేంద్రం ఆ పదకొండు వారాలూ ఒంటరిగా వెలిగింది. చూసేవాళ్ళు కూడా ఓపిక పట్టారు. ఇష్టమైన సీరియల్ రాకపోయినా, తమకు తెలిసిన ముఖాలు తమ వీధుల గురించి మాట్లాడుతుంటే మీట కట్టేయలేదు. సమ్మె న్యాయమైనదా కాదా అన్న చర్చ వేరు, దాన్ని ఇక్కడ తేల్చబోను. ఆ కేంద్రం ఎవరిదన్న ప్రశ్నకు మాత్రం ఆ వేసవిలో జవాబు దొరికింది.

1981 నుంచి ప్రపంచం జెర్సీని 'బెర్జెరాక్' అనే డిటెక్టివ్ సీరియల్‌లో చూసింది. అది బీబీసీది. పదేళ్ళు నడిచింది, చాలా దేశాలకు వెళ్ళింది. అంత ఖర్చు పెట్టే శక్తి దీవి కేంద్రానికి ఏనాడూ లేదు.

తర్వాతి గండం 1991లో వచ్చింది. మార్గరెట్ థాచర్ ప్రభుత్వం తెచ్చిన 1990 ప్రసార చట్టం ప్రకారం ఐటీవీ ప్రాంతాలను వేలం వేశారు. ముందుగా నాణ్యత పరీక్ష, అది దాటినవాళ్ళలో ఏటా ప్రభుత్వానికి ఎక్కువ డబ్బు కట్టడానికి సీల్డు కవరులో ఒప్పుకున్నవాళ్ళకు లైసెన్సు. పాత కంపెనీలకు చెమటలు పట్టాయి. తక్కువ రాస్తే ప్రత్యర్థి ఎగరేసుకుపోతాడు, ఎక్కువ రాస్తే గెలిచినా అప్పుల్లో మునగాలి. దక్షిణ ఇంగ్లండ్‌లో టీవీఎస్ కంపెనీ ఏటా దాదాపు ఆరు కోట్ల పౌండ్లు రాసింది. వెస్ట్‌వర్డ్ స్థానంలో 1982లో వచ్చిన టీఎస్‌డబ్ల్యూ కోటీ అరవై లక్షల పైన రాసింది.

ఛానల్ టెలివిజన్ రాసింది వెయ్యి పౌండ్లు.

ఎదురు నిలిచిన సీఐ3 అనే కంపెనీ రాసింది 1,02,000 పౌండ్లు. అక్టోబరు 16న ఫలితాలు వచ్చాయి. సీఐ3 నాణ్యత పరీక్ష దగ్గరే ఆగిపోయింది, లైసెన్సు వెయ్యి పౌండ్లకే ఛానల్‌కు దక్కింది. టీవీఎస్, టీఎస్‌డబ్ల్యూ రెండూ మోయలేని బరువు ఎత్తుకున్నాయని తేల్చి పక్కన పెట్టారు. ఛానల్ అప్పటికి కొన్నేళ్ళుగా టీవీఎస్ నుంచి నెట్‌వర్క్ సిగ్నల్ తీసుకుంటోంది. దానికి చిత్రం అందించే పెద్ద కంపెనీ కూలిపోయింది, అందుకునే చిన్న కంపెనీ మాత్రం మిగిలింది. 1993 నుంచి మెరిడియన్ అనే కొత్త కంపెనీ నుంచి సిగ్నల్ తీసుకోవడం మొదలుపెట్టింది. ఆ 1991లోనే పత్రికల గుత్తాధిపత్యం కూడా పోయింది. కార్యక్రమాల వివరాలు ఎవరైనా అచ్చువేసుకోవచ్చు కాబట్టి సీటీవీ టైమ్స్ మూతపడింది.

వేలం నుంచి బయటపడినా, వేలం తెచ్చిన కాలం నుంచి బయటపడటం ఎవరి తరమూ కాలేదు. పెద్ద కంపెనీలు చిన్నవాటిని కొనేస్తూ పోయాయి. 2004 ఫిబ్రవరిలో గ్రెనడా, కార్ల్‌టన్ అనే రెండు పెద్ద కంపెనీలు కలిసి ఐటీవీ పీఎల్‌సీ అయ్యేసరికి, ఆ గొడుగు బయట మిగిలినవి స్కాట్లండ్‌వీ, ఉత్తర ఐర్లండ్‌దీ, ఛానల్ దీవులదీ మాత్రమే. ఛానల్ కూడా అప్పటికే 2001 నాటికి ఇలిఫ్ కుటుంబానికి చెందిన యాటెండన్ గ్రూపు చేతికి వెళ్ళిపోయింది. అయినా కొన్నాళ్ళు దానికి విచిత్రమైన గిరాకీ వచ్చింది. నెట్‌వర్క్‌కు కార్యక్రమాలు తీసే బయటి నిర్మాతలు కొందరు, ఆ కార్యక్రమాలు ప్రసార నిబంధనలకు లోబడి ఉన్నాయని పూచీపడే బాధ్యతను ఛానల్‌కు అప్పజెప్పేవారు. దేశమంతా చూసే షోలకు పూచీకత్తు సంతకం జెర్సీది.

2010 నవంబరు 17న ఫ్రెమాంట్ పాయింట్‌లో అనలాగ్ ప్రసారాలు ఆగి డిజిటల్ మొదలైంది. ఏడాదికి, 2011 నవంబరులో, యాటెండన్ నుంచి ఛానల్ టెలివిజన్‌ను ఐటీవీ పీఎల్‌సీ కొనేసింది. వార్తలు ఇప్పటికీ జెర్సీ నుంచే వస్తాయి, అది లైసెన్సులో షరతు. ఏ కార్యక్రమం ఎప్పుడు వేయాలి, విరామాన్ని దేనితో నింపాలి, దీవి గురించి కొత్తగా ఏం తీయాలి అన్న నిర్ణయాలు మాత్రం సముద్రం దాటిపోయాయి. 1961లో ప్లిమత్ సిగ్నల్‌ను యథాతథంగా తిరిగి ప్రసారం చేస్తే చాలదా అన్న లెక్క ఒకటుందే, యాభై ఏళ్ళ తర్వాత దాదాపు ఆ లెక్కే గెలిచింది. అది నాకు బాధ కలిగించే విషయమే. లాభం రాకపోయినా ఒక సమాజానికి సొంత తెర ఉండాలని నమ్మిన అధికారులు ఒకప్పుడు ఉన్నారు, వాళ్ళ స్థానంలో ఇప్పుడు వాటాదారులు ఉన్నారు.

వచ్చే భాగంలో ఉత్తర సముద్రానికి వెళదాం. 1964లో కొందరు డచ్చి వ్యాపారులు టీవీ పెట్టడానికి ప్రభుత్వం అనుమతించలేదని, నోర్డ్‌వైక్ తీరానికి ఎదురుగా సముద్రంలో ఉక్కు కాళ్ళ మీద ఒక దీవినే కట్టేశారు. 'రెమ్' దీవి అని దానికి పేరు. ఆ ఏడాది డిసెంబరు 17న హెలికాప్టర్‌లో పోలీసులు దిగి దాన్ని మూయించే లోపు హాలండ్ ప్రజలు ఆ తెర మీద ఏం చూశారు, ఆ గొడవలో మరుసటి ఏడాది మంత్రివర్గమే ఎలా కూలిపోయింది అన్నది అక్కడ చెప్పుకుందాం.

(సశేషం)